మూడో శాలువా

శాలువా అనగానే మన సినిమా ప్రియులకి రెండే గుర్తొస్తాయి. ఒకటి 1953 నాటి ‘దేవదాసు’లో అక్కినేని కప్పుకున్నది. రెండోది సన్మాన సభల్లో కప్పేది... ఫొటో తీయగానే మడతపడి బీరువాలోకి పోయేది! ఈ వారం నేను చెప్పబోయేది మూడోది. మా అమ్మది.

మా అమ్మకి సినిమా పిచ్చి. కొత్త సినిమా వస్తే మొదటి వారం దాటనిచ్చేది కాదు. అలాంటి మనిషి మూడేళ్లపాటు హాలు మొహం చూడలేదు. కారణం ఏసీ! ‘‘ఇంటర్వెల్ అయ్యేసరికి మెడా, భుజాలూ పట్టేస్తున్నాయిరా. మీరెళ్లి రండి’’ అనేది. దుప్పటి పట్టుకెళ్దామంటే నామోషీ.

ఆ రోజుల్లోనే ఓ హీరోగారి ఇంటర్వ్యూ కోసం షూటింగుకి వెళ్లాను. తొమ్మిదింటికి రమ్మన్నారు, మూడయినా పిలుపు లేదు. ప్రక్కన ఓ జూనియర్ ఆర్టిస్టు పిన్నిగారు తాపీగా ఊలు అల్లుకుంటున్నారు.

‘‘ఏమిటండీ అది?’’

‘‘శాలువా బాబూ. షాట్‌కీ షాట్‌కీ మధ్య ఇదే నా కాలక్షేపం.’’

‘‘నాకూ నేర్పుతారా? లెక్కలు మాత్రం రావు.’’

‘‘మూడు దాకా లెక్కపెట్టగలవా? చాలు!’’

నిజంగానే చాలు. మీరూ వినండి. సూది మీద 3 కుట్లు వేసుకోవాలి. ప్రతి వరుసలోనూ మొదటి కుట్టు అల్లగానే, ఊలుని ముందుకి తెచ్చి సూది మీదుగా ఒక చుట్టు వేసి, మిగతావన్నీ ప్లెయిన్‌గా అల్లుకుపోవాలి. వరుసకో కుట్టు పెరుగుతుంది. కింద మొనతో మొదలై, పైకి వెడల్పవుతూ త్రికోణం తయారవుతుంది. కుట్లు వంద దాటాక, రెండు సూదుల్ని తీగతో కలిపిన సర్క్యులర్ సూది అయితే జారిపోవు. 8వ నంబరు సూదులతో మధ్యరకం ఊలు 200 నుంచి 250 గ్రాములు అల్లితే భుజాలకి నిండుగా వస్తుంది. ఎక్కడ ఆపాలంటారా? మీ ఇష్టం! ఆఖరి అంచు ముగించడానికి శాలువా వెడల్పుకి నాలుగింతల ఊలు మాత్రం మిగుల్చుకోండి. ఆ అంచు వదులుగా అల్లండి, లేకపోతే లాగేస్తుంది.

నేను సూదులు పట్టుకోవడం చూసి మా రూమ్మేట్ ఒకటే నవ్వు. ‘‘నవ్వకు నాయనా, హాలీవుడ్‌లో జోన్ క్రాఫర్డ్ కథ తెలుసా?’’ అన్నాను. 1939లో ‘ది విమెన్’ తీస్తున్నప్పుడు నార్మా షేరర్ క్లోజప్‌లో ఉంటే, ఎదుట కూర్చుని డైలాగులు అందించాల్సిన క్రాఫర్డ్ సూదులు టకటకలాడించిందట. దర్శకుడు జార్జ్ క్యూకర్ ఆవిణ్ణి సెట్లోంచి పంపేశాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అంటే సూదులు ఆయుధాలు కూడా!

ఇక నా ఘనకార్యం. అమ్మకి మంచిదే ఇవ్వాలని అసలు ఉన్నితో అల్లాను. నెలన్నర పట్టింది. ఇచ్చేముందు శుభ్రంగా ఉండాలని వేడినీళ్లలో వేసి బాగా రుద్దాను. బయటికి తీస్తే... బొమ్మకి కప్పేంత! ఉన్ని పోగులు వేడికీ, రాపిడికీ ఒకదాన్నొకటి పట్టేసుకుని ముద్దయిపోతాయని ఆ తర్వాత తెలిసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రెండోది నూలు దారంతో అల్లాను. మెత్తగా, చల్లగా ఉంది కానీ బరువుకి కిందికి సాగింది. ఎండాకాలం ప్రయాణాలకి అదే మేలు. మూడోది యాక్రిలిక్ ఊలుతో, కాస్త లావు సూదులు తీసుకుని వదులుగా అల్లాను. తేలిగ్గా వచ్చింది, ఉతికినా కుంచించుకుపోలేదు. అల్లిక అదే, మారింది దారమే. అయినా మూడూ మూడు రకాలు!

కిందటి నెల అమ్మని మ్యాట్నీకి తీసుకెళ్లాను. లైట్లు ఆరగానే శాలువా భుజాల చుట్టూ లాక్కుంది. ఇంటర్వెల్లో ‘‘వెళ్లిపోదామా?’’ అన్నాను భయంభయంగా.

‘‘అప్పుడేనా? విలన్ సంగతి తేలొద్దూ! కానీ ఒరేయ్, ఇది ఇంకో జానెడు వెడల్పుంటే బాగుండేది’’ అంది.

ఈ శాలువాతో సుఖం అదే. ఆఖరి అంచు విప్పి, కుట్లు మళ్లీ సూది మీదికి ఎక్కించి, ఆపినచోటి నుంచే అల్లుకోవచ్చు. ఇప్పుడు అదే పనిలో ఉన్నాను. వచ్చే శుక్రవారం లోపల జానెడు పూర్తి చేయాలి మరి... అమ్మ సినిమా కూడా ఎంచుకుంది!