బొమ్మల సినిమాకు టికెట్టు కొనేదెవరు?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగారు. చదువు గురించీ, క్రమశిక్షణ గురించీ రాసేవాళ్ళు ఎలాగూ ఉంటారు కాబట్టి మేము సినిమా గురించి రాస్తున్నాము. అదీ బొమ్మల సినిమా గురించి. కొండపల్లిలో చదువుకున్న వాళ్ళం బొమ్మల గురించి మాట్లాడకపోతే ఇంకెవరు మాట్లాడతారు?

2025 జూలై 25న 'మహావతార్ నరసింహ' విడుదలైంది. ముందురోజే పవన్ కళ్యాణ్ 'హరిహర వీరమల్లు' వచ్చి ఉంది. ఇందులో హీరో లేడు, హీరోయిన్ లేదు. దర్శకుడు అశ్విన్ కుమార్ పేరు అంతకుముందు మనలో ఎవరికీ తెలియదు. మొదటి రోజు దేశమంతా కలిపి రెండు కోట్లు కూడా రాలేదు. తరువాత రోజురోజుకూ పెరిగి, రెండో వారం వసూళ్ళు మొదటి వారాన్ని మించిపోయాయి. చివరికి మూడు వందల కోట్లు దాటింది. హిందీ తరువాత ఎక్కువగా ఆడింది తెలుగులోనే. మన దేశంలో ఏ యానిమేషన్ చిత్రానికీ అంతవరకు ఇంత డబ్బు రాలేదు.

గ్రాఫిక్స్ బాగున్నాయి కాబట్టి ఆడిందని కొందరు అంటారు. మేము ఒప్పుకోము. అందులో కొన్నిచోట్ల బొమ్మల నడక బిగుసుకుపోయినట్టే ఉంది. అంతకంటే బాగా గీసిన సినిమాలు వారం తిరక్కుండానే పోయాయి. భక్తి వల్ల ఆడిందని ఇంకొందరు అంటారు. కొన్ని థియేటర్లలో జనం చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళారని వార్తలు కూడా వచ్చాయి. అది కొంత నిజమే. శ్రావణమాసం మొదలైన రోజునే విడుదల చేయడం తెలివైన పని. కానీ దేవుడి కథతో తీసిన బొమ్మల సినిమాలన్నీ ఆడలేదు కదా!

ఒక్కసారి మన బొమ్మల కాలనీలో ఏ కొట్టు ముందైనా కాసేపు నిలబడండి. పిల్లవాడు వేలు చూపిస్తాడు. డబ్బులు తీసేది తల్లి. పిల్లవాడు ఏనుగు అంబారీ కావాలంటాడు, తల్లి దశావతారాల సెట్టు వైపు చూస్తుంది. సంక్రాంతి బొమ్మల కొలువులో అది ఎక్కడ పెట్టాలో ఆమెకు ముందే తెలుసు. తెలిసిన బొమ్మకు ఇంట్లో ఒక చోటు ఉంటుంది. సినిమా కూడా అంతే. పిల్లలు అడుగుతారు, పెద్దవాళ్ళు కొంటారు. పెద్దవాళ్ళకు అందులో చోటు లేకపోతే పిల్లవాడి ఏడుపు ఒక్క ఆటకే పనికొస్తుంది, నాలుగు వారాలకు కాదు.

ప్రహ్లాదుడు తెలుగువాళ్ళకు కొత్తవాడు కాదు. 1932లో మన మొదటి టాకీయే 'భక్త ప్రహ్లాద'. 1967లో రోజారమణి ప్రహ్లాదుడిగా, మన నూజివీడులో పుట్టిన ఎస్వీ రంగారావు హిరణ్యకశిపుడిగా వచ్చిన 'భక్త ప్రహ్లాద'ను మన అమ్మమ్మలు టీవీలో వచ్చినప్పుడల్లా చూస్తారు. ఇటు మంగళగిరి పానకాల స్వామి, అటు వేదాద్రి నరసింహస్వామి ఉండనే ఉన్నారు. కాబట్టి సినిమాకు అమ్మమ్మ కూడా బయలుదేరింది. ఒక్క టికెట్టు ఐదు టికెట్లయింది. మాలో కొందరం ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళమే. మాకూ నచ్చింది. కన్నతండ్రే రాజై భయపెడుతుంటే చిన్నపిల్లవాడు ఒంటరిగా నిలబడి కాదనడం హాస్టల్లో పెరిగినవాడికి ఒకరు విడమరిచి చెప్పాలా?

అయితే తెలిసిన కథ ఒక్కటే చాలదు. సింగీతం శ్రీనివాసరావు గారు 2008లో 'ఘటోత్కచ్' అనే యానిమేషన్ చిత్రం తీశారు. ఆయన 'మాయాబజార్'కు కె.వి.రెడ్డి గారి దగ్గర సహాయకుడిగా పనిచేసిన మనిషి. ఘటోత్కచుడు తెలియని తెలుగు ఇల్లు ఉందా? అయినా ఆ బొమ్మల సినిమా పేరు ఇవాళ హాస్టల్లో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి. 1957 నాటి 'మాయాబజార్'కే 2010లో రంగులు అద్ది విడుదల చేస్తే మాత్రం జనం మళ్ళీ థియేటర్లకు వెళ్ళారు. కారణం మాకు తోచింది చెబుతాము. ఘటోత్కచుడిగా ఎస్వీఆర్ నవ్వు నవ్విన తరువాత బొమ్మ నవ్వితే ఏం నిలుస్తుంది? నరసింహుడి సంగతి వేరు. స్తంభం చీల్చుకుని వచ్చే సగం సింహం, సగం మనిషిని ఎంత గొప్ప నటుడైనా తలకు తొడుగు పెట్టుకునే చేయాలి. అక్కడ మనిషి చేయలేనిది బొమ్మ చేసింది.

'విక్రమసింహ' దీనికి సరిగ్గా తలకిందులు. 2014లో రజనీకాంత్ కదలికలను పట్టి కంప్యూటర్ బొమ్మగా చేశారు. రజనీకాంత్ నడిచి వస్తే ఈలలు వేసే జనానికి రజనీకాంత్ బొమ్మ ఎందుకు? ఉన్న మనిషిని తీసేసి బొమ్మను పెట్టారు, అది ఆడలేదు. 2019లో 'లయన్ కింగ్' వచ్చినప్పుడు సింబాకు నాని, స్కార్‌కు జగపతిబాబు, పుంబాకు బ్రహ్మానందం, టిమోన్‌కు అలీ గొంతు ఇచ్చారు. ఆఫ్రికా అడవిలోని అడవిపంది బ్రహ్మానందం గొంతుతో మాట్లాడితే హాలు హాలంతా నవ్వింది. పరాయి కథకు మన ఇంటి గొంతు వచ్చి చేరింది. 2024లో 'ముఫాసా'కు మహేశ్ బాబును పిలిచింది కూడా ఈ లెక్కతోనే.

2012 మే నెలలో వారం తేడాతో రెండు సినిమాలు వచ్చాయి. మే 18న హైదరాబాద్ గ్రీన్ గోల్డ్ సంస్థ వాళ్ళ 'చోటా భీమ్' సినిమా, మే 25న డిస్నీ, యుటివి లాంటి పెద్ద సంస్థల 'అర్జున్'. రెండోదాని బొమ్మలు ఎంతో అందమైనవని విమర్శకులు మెచ్చుకున్నారు. జనం మాత్రం రాలేదు. చోటా భీమ్ గీతలు చాలా మామూలువి. కానీ వాడు 2008 నుంచి పోగో ఛానెల్‌లో రోజూ పిల్లల ముందు లడ్డూలు తింటూనే ఉన్నాడు. మన హాస్టల్ హాల్లో ఆదివారం అన్నం తిన్నాక రిమోట్ కోసం జరిగిన యుద్ధాలు మా బ్యాచ్ వాళ్ళందరికీ గుర్తే. థియేటర్‌కు రాకముందే వాడు ఇంటి పిల్లవాడైపోయాడు. మరుసటి ఏడాది రెండో సినిమా కూడా వచ్చింది.

బయటి దేశాల్లోనూ పెద్ద తేడా లేదు. చైనా వాళ్ళ 'నేజా 2' 2025 జనవరి 29న, వాళ్ళ కొత్త సంవత్సరం రోజున వచ్చి రెండు వందల కోట్ల డాలర్లు దాటింది. నేజా కూడా అక్కడి పురాణ కథల్లోని పిల్లవాడే. అదే ఏడాది పిక్సార్ వాళ్ళు ఎవరికీ తెలియని కొత్త పిల్లవాడితో 'ఎలియో' తీస్తే అంత పేరున్న సంస్థకు కూడా ఎదురుదెబ్బ తగిలింది. అలాగని కొత్త కథలు తీయవద్దని కాదు. వాళ్ళదే 'ఎలిమెంటల్' 2023లో చప్పగా మొదలైనా, చూసినవాళ్ళు చెప్పగా చెప్పగా నిలబడింది. అలా నిలబడాలంటే థియేటర్‌లో రెండు మూడు వారాలు ఉండనివ్వాలి. మన దగ్గర బొమ్మల సినిమాను రెండో శుక్రవారం దాకా ఎవరు ఉంచుతారు?

ఇప్పుడు మన సంగతి. 'ఫ్యామిలీ ఆడియన్స్' అని సినిమావాళ్ళు అంటారే, అందులో మనం ఉన్నామా? టికెట్టు 150 అనుకుంటే నలుగురికి 600. త్రీడీ అయితే కళ్ళద్దాల అద్దె, కొండపల్లి నుంచి బెజవాడకు రానుపోను ఛార్జీలు అదనం. కూలికి వెళ్ళే ఇంట్లో అది ఒక వారం సరుకులు. పైగా హాస్టల్ పిల్లవాడు వేలు చూపించడానికి పక్కన అమ్మ ఉండదు. ఈ లెక్క తప్పు అని మేము అనడం లేదు, లెక్కలో మనం లేము అంటున్నాము. లెక్కలో లేనివాడి కథ తెర మీదకు రాదు. ఎన్ని బొమ్మల సినిమాలు చూశాము! రాజకుమారులు, దేవతలు, సింహాలు. వసతిగృహంలో పెట్టె పెట్టుకుని పడుకునే పిల్లవాడు ఒక్కడైనా కనిపించాడా?

మన తెల్లపొణికి కర్ర బొమ్మల్లో మాత్రం అందరూ ఉన్నారు. దశావతారాల పక్కనే తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, ఎడ్లబండి తోలే రైతు, రోకలి పట్టిన ఆడమనిషి ఉన్నారు. వీళ్ళతో సినిమా తీస్తే ఆడదని మాకు అనిపించడం లేదు. అమ్మమ్మకు వీళ్ళు ప్రహ్లాదుడంత తెలిసినవాళ్ళే. కర్ర బొమ్మలు లేచి నడవడం మనుషులు నటించగలిగేది కాదు. ఎవరైనా తీసేవాళ్ళుంటే (మన పాత విద్యార్థుల్లో హైదరాబాద్‌లో యానిమేషన్ నేర్చుకుంటున్నవాళ్ళు ఉంటే మరీ మంచిది) ముందు ఐదేసి నిమిషాల కథలుగా టీవీలో, ఫోన్లలో వేయండి. చోటా భీమ్‌కు నాలుగేళ్ళు పట్టింది, దీనికీ పట్టనివ్వండి. గొంతులు మాత్రం మన కృష్ణా జిల్లా మాటతోనే ఉండాలి. విడుదల సంక్రాంతికి వద్దు, పెద్ద హీరోల మధ్య థియేటర్లు దొరకవు. మే నెలలో వేయండి. అప్పుడు హాస్టళ్ళకు సెలవులు, మన పిల్లలు అమ్మల దగ్గర ఉంటారు.