మేనత్త పొలం

మా ఆయనకు మేనత్త ఒకామె పెనుకొండలో ఉండేది. భర్త పోయాడు, పిల్లల్లేరు. రోడ్డు పక్కన భర్త నుంచి వచ్చిన నాలుగెకరాల పొలం ఉంది. 2017లో ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ వస్తుందన్నాక ఆ పొలం ధర పెరిగింది. దాంతోపాటే మా వాళ్ళకు మేనత్త మీద ప్రేమా పెరిగింది.

ఆమె నోరు మంచిది కాదు. నా పెళ్ళిలో మా నాన్నను అందరి ముందు నిలబెట్టి "ఇంతేనా పెట్టేది?" అని అడిగిన మనిషి. అయినా నెలకు రెండుసార్లు ఓళిగలు కట్టుకుని హిందూపురంలో రైలెక్కేదాన్ని. ధర్మవరం నుంచి మా తోడికోడలు పట్టుచీర తెచ్చేది. నేను కాళ్ళు పడితే, తను తల దువ్వేది. ఒకరి మీద ఒకరం చాడీలూ చెప్పాం.

మరి మగవాళ్ళు? ఇంట్లో కూర్చుని లెక్కలు వేశారు. "వీలునామా రాయించుకోకపోతే మనకు సెంటు కూడా రాదు" అన్నారు. అది నిజమే. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం, భర్తా పిల్లలూ లేని ఆడమనిషి వీలునామా రాయకుండా పోతే, భర్త నుంచి వచ్చిన ఆస్తి భర్త వైపు వారసులకే పోతుంది. తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చింది తండ్రి వారసులకు చెందుతుంది. ఆమె సొంతంగా సంపాదించుకున్నదైనా ముందు భర్త వైపు వాళ్ళకే. ఈ సంగతి మనలో ఎంతమందికి తెలుసు?

ఆమెకు మాత్రం బాగా తెలుసు. నాతో "నీకే రాస్తాలే మే" అనేది. తోడికోడలితోనూ అదే మాట. చివరికి ఎవరికీ రాయకుండానే పోయింది. ఒక్కనాడూ గడప తొక్కని మరిది కొడుకులకు పొలం వెళ్ళింది.

"తెలివి లేక పోగొట్టుకున్నారు" అని బంధువులు ఇప్పటికీ అంటారు. నా బాధ అది కాదు. ఒకరోజు ఆమె పనిమనిషి మీదికి వేడి కాఫీ విసిరింది. నేను పక్కనే ఉన్నా. "తప్పత్తా" అని ఒక్క మాట అనలేదు. అంటే మా వాటా రెండెకరాలు పోతాయని భయం. ఆ పిల్ల చెయ్యి కడుక్కుంటూ నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

డబ్బున్నవాళ్ళ క్రూరత్వానికి సగం బలం మన ఆశే ఇస్తుంది. పైగా పన్నాగం మగవాళ్ళది, చాకిరీ మనది. ఈసారి ఎవరైనా "వెళ్ళి సేవ చేసి రా" అంటే, "మీ మేనత్త కాళ్ళు మీరే పట్టండి" అనండి. ప్రేమ ఉంటే వెళ్ళండి, పొలం కోసం వద్దు.

నేను మాత్రం నా పేరున ఉన్న కాస్త బంగారానికి వీలునామా రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, పిల్లలకు చదివి వినిపించాను. ఇక నన్ను చూడ్డానికి వస్తే నా కోసమే రావాలి.