స్త్రీపర్వము లేని యుద్ధకథ

సైనిక యుద్ధములను బొమ్మలలో నాడించు వీడియో ఆటలను గూర్చి మన పెద్దలలో రెండభిప్రాయములు వ్యాపించియున్నవి. కన్నులు చెడును, చదువు చెడును, బిడ్డలు క్రూరులగుదురు అని ఒక పక్షము. కాలక్షేపమే కదా, ఆడుకొననిండు అని రెండవ పక్షము. ఈ రెండు పక్షములును అసలు ప్రశ్నను విడిచిపెట్టినవని మా దృఢాభిప్రాయము. ఆ ఆటలు మన బిడ్డలకొక కథ చెప్పుచున్నవి. అది యెట్టి కథ? మన పూర్వులు చెప్పిన యుద్ధకథకును దానికిని భేదమేమి? ఈ విచారణ చేసినవారు అరుదు.

ఆ ఆటల తీరు తెలియని పెద్దల కొరకు ముందుగా కొంత చెప్పవలసియున్నది. 2007లో వెలువడిన 'కాల్ ఆఫ్ డ్యూటీ 4: మోడరన్ వార్‌ఫేర్' ఈ తరహా ఆటలకు ఒరవడి దిద్దినది. అందు రెండు భాగములు గలవు. మొదటిది కథ, రెండవది పలువురు చేరి ఒకరినొకరు కాల్చుకొను పోటీ. గాయపడినవాడు గోడచాటున కొన్ని క్షణములు నిలిచినచో గాయము దానంతటదియే మానును. పోటీలో చచ్చినవాడు మరల లేచి వచ్చును. ఎదుటివానిని కూల్చినపుడెల్ల మార్కులు వచ్చును. మార్కులు పెరిగినకొలది హోదా పెరుగును. అట్టి మెట్లు 55. చావక వరుసగా ముగ్గురిని కూల్చినవానికి శత్రువుల జాడ తెలుపు రాడారు, ఐదుగురిని కూల్చినవానికి విమానదాడి, ఏడుగురిని కూల్చినవానికి హెలికాప్టరు బహుమానములు. తుదిమెట్టు చేరినవాడు కోరినచో హోదానంతయు వదలుకొని, గొప్పకొక బిళ్ల తగిలించుకొని, మరల మొదటిమెట్టు నుండి ఎక్కవచ్చును. నేడు మన పిల్లల చేతిఫోనులలోని 'బాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా'లోను కంచు, వెండి, బంగారు మొదలు 'కాంకరర్' వరకు ఇట్టి అంతస్తులే గలవు.

మేము గుమాస్తా ఉద్యోగములో తల నెరసినవారము. సీనియారిటీ జాబితాలు, ఇంక్రిమెంటులు, సర్వీసు పుస్తకములు మాకు క్రొత్తవి కావు. కావున ఈ మెట్లెక్కు విద్యను గూర్చి మాటాడుటకు మాకు కొంత అధికారము గలదని తలంతుము. కచేరీలో ప్రమోషనందిన హెడ్డు గుమాస్తాకు జీతముతోపాటు భారమును పెరుగును. క్రిందివాని కాగితములో తప్పు దొరలినచో సంజాయిషీ చెప్పవలసినవాడు అతడే. హోదా యనగా ఇతరులకు పూచీపడుట. ఆ ఆటలలో పూచీ యన్నది లేదు. మెట్టు పెరిగినకొలది మంచి తుపాకి దొరకును. తన వెంట నడచినవాని ప్రాణమునకు జవాబు చెప్పవలసిన అవసరము మాత్రము కలుగదు. ఇది సైన్యపు హోదాకు సరిగా విపరీతము.

సైన్యపు హోదా యేమిటో తెలియుటకు మన తెలుగువాని చరిత్రయే చాలును. సూర్యాపేట బిడ్డ, కోరుకొండ సైనిక పాఠశాల విద్యార్థి, కల్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు బీహారు రెజిమెంటులోని 16వ బెటాలియనునకు అధిపతి. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో ఘర్షణ జరిగినపుడు ఆయన తనవారి వెనుక నిలువలేదు, ముందు నిలిచెను. అచట తుపాకి పేలలేదు. రాళ్లతోను, కర్రలతోను, ఇనుపకడ్డీలతోను పోరాటము జరిగినది. ఇరువదిమంది భారతవీరులు నేలకొరిగిరి. సంతోష్ బాబు వయస్సు 37 సంవత్సరములు; ఆయనకు భార్య, ఇద్దరు పసిబిడ్డలు. కల్నల్ హోదాకు ఆయన చెల్లించిన వెల అది.

ఇక మన బెంగుళూరు సంగతి. 2020 సెప్టెంబరు 2వ తేదీన కేంద్రప్రభుత్వము దేశభద్రత కారణమున పబ్జీ ఆటను నిషేధించినది. రెండు దినములలోనే ఈ నగరమునకు చెందిన ఎన్‌కోర్ గేమ్స్ సంస్థవారి 'ఫౌజీ' ప్రకటింపబడినది. దాని తొలి ఘట్టము గల్వాన్ లోయయే. నికరాదాయములో నూటికి ఇరువదివంతులు అమరసైనికుల నిధియైన 'భారత్ కే వీర్'కు ఇత్తుమని వారనిరి. ఆ ఉద్దేశమును మేము గౌరవింతుము. ఆట 2021 జనవరి 26న విడుదలయ్యెను. సంతోష్ బాబునకు మరణానంతరము మహావీరచక్ర ప్రకటింపబడినదియు ఆ గణతంత్రదినోత్సవ సందర్భముననే. ఒకే పండుగనాడు ఒకవైపు మరల లేవని వీరునికి పతకము. మరొకవైపు ఎన్నిమార్లు చచ్చినను మరల మొదలిడదగిన గల్వాన్. ఆ రెంటికిని గల అంతరమును మన బిడ్డలకు చెప్పినవారెవరు?

మన పూర్వులు యుద్ధకథలు చెప్పలేదా? చెప్పిరి, వీరావేశముతోనే చెప్పిరి. అయినను భారతము దుర్యోధనుడు కూలినచోట ముగియలేదు. తరువాత స్త్రీపర్వమున్నది. తిక్కనగారు దానిని విడువక తెనిగించిరి. అందు గాంధారి తన కొడుకుల కొరకు మాత్రమే కాదు, శత్రుపక్షపు అభిమన్యుని కొరకును, వాని శవముపై బడి యేడ్చు ఉత్తర కొరకును విలపించును. పల్నాటి కథలో బాలచంద్రుని శౌర్యముతోపాటు మాంచాల కథయును నడచును. షేక్ నాజరుగారు బొబ్బిలి యుద్ధమును బుర్రకథగా చెప్పినపుడు శ్రోతలు తాండ్ర పాపారాయని పౌరుషమునకు పొంగినవారే, కోటలోని స్త్రీలు, బిడ్డలు కడతేరిన ఘట్టమునకు కంటతడి పెట్టిరి. పైగా బుర్రకథలో కథకుని ప్రక్కన ఇద్దరు వంతలుందురు. ఒకడు హాస్యముతోను, ఒకడు రాజకీయముతోను కథ నాపి ప్రశ్నించును. ఈ ఆటలలో ఆపి అడుగు వంత లేడు. కూలినవాడెవడు, వాని యింట ఎవరున్నారు అని విచారించుటకు ముందే మార్కుల సంఖ్య తెరపై మెరయును.

ఆట ఆటయే, పిల్లలకామాత్రము తెలియదా అని కొందరందురు. తెలియును. బొమ్మను కాల్చినవాడు రేపు మనిషిని కాల్చునని మేమనుట లేదు. మా ఆక్షేపణ వేరు: చావును లెక్కగా చూచుట అలవాటైనవానికి యుద్ధవార్తయును లెక్కగానే వినబడును. మరికొందరు, నిబంధనలు వచ్చినవి కదా అందురు. నిజమే. 2021లో వచ్చిన బాటిల్‌గ్రౌండ్స్‌లో నెత్తుటికి పచ్చరంగు పూసిరి. 'చంపుట' అను మాటకు మారుగా 'ముగించుట' అనిరి. 18 సంవత్సరములు నిండనివారికి దినమునకు మూడు గంటల పరిమితి విధించిరి. గంటల పరిమితి మంచిదే. కాని రంగు మారినది, మాట మారినది, మెట్లు మారలేదు. ముగింపబడిన ప్రతివాడును ముగించినవాని మెట్టే అగుచున్నాడు.

ఈ కళకు ఇంతకంటె చేతకాదా? చేతనగును. ఆ 2007 నాటి ఆటలోనే కథాభాగమున, మనము నడిపించుచున్న అమెరికా సార్జెంటు అణ్వస్త్రవిస్ఫోటమున కూలిన హెలికాప్టరు నుండి ప్రాకి వచ్చి, మన చేతులలోనే మరణించును. వానిని రక్షించు మీట లేదు. అంత చెప్పగలిగినవారే ప్రక్కగదిలో 55 మెట్లు కట్టి ఆ పాఠమును మరపించిరి. 2014లో వార్సా నగరమున వెలువడిన 'దిస్ వార్ ఆఫ్ మైన్' అను ఆటలో సైనికుడు నాయకుడే కాడు. సరయేవో ముట్టడి వృత్తాంతముల ననుసరించిన ఆ ఆటలో, కూలిన ఇంటిలో తలదాచుకొన్న సామాన్యులకు తిండి, మందు, వెచ్చదనము సమకూర్చుటయే ఆట. 2020లో పోలండు ప్రభుత్వము దానిని పాఠశాలల పఠనీయముల జాబితాలో చేర్చినది. ఆ దేశమువారు స్త్రీపర్వమును ఆటగా వ్రాయగా మనకేమి కొరత?

కోనప్పన అగ్రహారము, దొడ్డతోగూరు గ్రామముల 332 ఎకరములలో కియోనిక్సువారు నెలకొల్పిన ఈ ఎలక్ట్రానిక్ సిటీలో మన తెలుగుబిడ్డలు యంత్రములకు మాటలు నేర్పుచు జీవించుచున్నారు. ఇట్టి ఆటలు కట్టు విద్య వారికి దూరము కాదు. వారికి మా విన్నపము: హోదా పెరిగినకొలది పూచీ పెరుగునట్టి ఆట నొకదానిని కట్టుడు. కూలినవానికి ఒక పేరుండనిండు. వాని యింట దీపము పెట్టు తల్లి యుండనిండు.

తల్లిదండ్రులకు మా విన్నపము మరియొకటి. ఫోను లాగికొన్నంత మాత్రమున కథ మారదు. బిడ్డ ప్రక్కన కూర్చుండి వంతవలె ప్రశ్నింపుడు. ఇక మన సంఘము ఏటేట జూన్ 15వ తేదీ సాయంకాలము పిల్లలను చేర్చి, గల్వాన్‌లో ఒరిగిన ఇరువదిమంది పేర్లను వారిచేతనే చదివింపవలెనని ప్రతిపాదించుచున్నాము. ఆ పని పావుగంటలో తీరును, ఖర్చేమియు లేదు. వచ్చు కార్యవర్గ సమావేశమున ఈ ప్రతిపాదనను చర్చకు చేర్చుకొందురుగాక.