గిన్నిస్ సరే, గునుగేదీ?

2025 సెప్టెంబరులో సరూర్‌నగర్ స్టేడియంలో 63 అడుగుల బతుకమ్మను పేర్చారు, గిన్నిస్ రికార్డొచ్చింది. ఆఫీసులో పక్కసీటు పూణే అబ్బాయి ఫోటో చూపించి, మీ ఊళ్ళో కూడా ఇంత బాగా చేస్తారా అనడిగాడు. ఏం చెప్పను?

మాది వేములపల్లి. ఆ ఏడు ఎంగిలిపూల నాడు ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ అన్నమాట ఇది: "గునుగు యాడిది బిడ్డా, అందరు గడ్డిమందు కొట్టిరి గద! మిర్యాలగూడల కట్టలు కొనుక్కొచ్చినం."

అసలు గునుగు కొనుక్కునే సరుకా అండీ? అది కలుపుమొక్క. జొన్నచెల్కల్లో ఎవరూ విత్తకుండానే పూసేది. 1967లో సాగర్ కాలవలకు నీళ్ళొదిలాక మా వైపు చెల్కలన్నీ మెల్లగా వరిమళ్ళయ్యాయి. ఆ వరే నన్ను ఇంజనీరింగ్ చదివించింది, కాదనను. కానీ ఇప్పుడు ఒరాల మీద కూడా మందు కొడుతున్నారు. ఇక తంగేడు... 2014లో రాష్ట్ర పుష్పం అని పేరైతే పెట్టారు, మా ఊరి చుట్టూ ఓ నాలుగు పొదలు చూపించమనండి చూద్దాం! ఈ పూలు చెరువునీళ్ళను శుద్ధి చేస్తాయని ప్రతి ఏడూ పేపర్లో వ్యాసం మాత్రం తప్పకుండా వస్తుంది. ముందు చెరువుండాలిగా.

చూడ్డానికొచ్చే టూరిస్టుల మీద నాకేం కోపం లేదు. రానివ్వండి, ఇంత సత్తుపిండి పెడదాం. కానీ బతుకమ్మకి గ్యాలరీ ఏంటండీ? వచ్చినవాళ్ళు చప్పట్లు కొడుతూ చుట్టూ తిరగాలి, అంతే. క్యోటోలో గియోన్ ఉత్సవానికి 2023లో ఒక్కో ప్రీమియం సీటు 4 లక్షల యెన్‌ల దాకా అమ్మారు. మరుసటేడు ఆ గుడి ప్రధాన పూజారే ఇది షో కాదని గట్టిగా అడ్డం తిరిగాడు. మన దగ్గర ఆ మాట అనేవాళ్ళేరీ?

మా భాషలో చెప్పాలంటే, క్లయింటుకి చూపించే డెమో అదుర్స్, ప్రొడక్షన్ సర్వర్ డౌన్. రికార్డు కోసం క్రేన్లకి, లైట్లకి పెట్టే డబ్బులో కొంత తీసి ఊరూరా చెరువుకట్టల మీద తంగేడు, గునుగు విత్తనాలు చల్లించొచ్చు, అక్కడ గడ్డిమందు కొట్టకుండా పంచాయతీకి కట్టడి చెయ్యొచ్చు. కాకపోతే అది కెమెరాలో పడదు, మూడేళ్ళు ఆగాలి కూడా.

అమ్మ ఈసారి పెరట్లో గునుగు వేసిందట. కలుపుమొక్కకి రోజూ బిందెతో నీళ్ళు పోస్తోంది :)