సంగీత ప్రసంగము: ఒంటి వాద్యముపై ఆఱు కథలు

సన్నాయి మ్రోగని పెండ్లి మనకు లేదు గదా. ఆ సన్నాయికి దూరపు చుట్టమొకటి ఐరోపాలో కలదు. దానిని ఓబో అందురు. అదియు కఱ్ఱగొట్టమే, నోట బట్టు కొసయందు రెల్లుతో చేసిన సన్నని పలకలు రెండు జోడింపబడి యుండును. ఈ పలకలను పెక్కుమంది విద్వాంసులు తామే చెక్కుకొందురు. పాశ్చాత్య వాద్యబృందమున తక్కినవారు శ్రుతి చేసికొనునది సాధారణముగా ఓబో స్వరమును బట్టియే.

అట్టి వాద్యమునకు ఏ తోడును లేకుండ, ఆంగ్లేయ స్వరకర్త బెంజమిన్ బ్రిటన్ 1951లో ఆఱు చిన్న ఖండికలు రచించెను. రోమక కవి ఓవిడ్ లాటిను భాషలో చెప్పిన రూపాంతర కథలనుండి ఆఱుగురిని ఎన్నుకొని, ఒక్కొక్కరికి ఒక్కొక్క ఖండిక కూర్చెను. అన్నియు కలసి పావుగంటకు మించవు. ఆ యేడు జూన్ 14వ తేదీన, ఆల్డ్‌బరో సంగీతోత్సవములో, థార్పెనెస్ సరస్సుకడ ఆరుబయట జాయ్ బౌటన్ అను వాద్యకారిణి దీనిని మొదట వినిపించెను. కృతి యంకితమైనదియు ఆమెకే. ఊదు వాద్యములు పురుషులవే యను తలంపు మనలో ఇంకను పూర్తిగా పోలేదు. కావుననే ఈ సంగతిని ప్రత్యేకించి వ్రాయుచున్నాను.

మన సన్నాయి ప్రక్కన శ్రుతి యుండును, డోలు ఉండును. విద్వాంసుడు ఊపిరి తీసికొనునపుడు అవి మేళమును నిలుపును. ఇచ్చట ఊపిరికై ఆగినచో నిశ్శబ్దమే. ఇంకొక చిత్రము వినుడు: ఓబో రంధ్రము మిక్కిలి యిఱుకగుటచే, వాయించువారికి గాలి చాలకపోవుట కాదు, లోపల మిగిలిపోవుటయే బాధ. పాతగాలిని విడిచి క్రొత్తగాలి పీల్చుకొనవలయును. ‘పాన్’ అను మొదటి ఖండికలో తాళమే లేదు; మన ఆలాపనవలె సాగి, ఆగి, మరల సాగును. సూర్యరథమెక్కి కూలిన ఫేథన్ కథ రెండవది.

మూడవది నియోబి. ఈమె థీబ్స్ నగరపు రాణి. ఏడుగురు కొడుకులు, ఏడుగురు కూతుండ్రు. ఇద్దరినే కన్న లాటోనా దేవతకంటె తానే గొప్పదాన నని పలికెను. ఆ యిద్దరు బిడ్డలు, అపోలో డయానాలు, బాణములతో పదునలుగురను చంపిరి. నియోబి ఏడ్చి యేడ్చి శిలయయ్యెను. మన యహల్యకు విమోచనము కలిగినది. ఈమెకు లేదు, శిలయైనను కన్నీరు ఆగలేదు. గర్వించినది నిజమే. బిడ్డలను చూచుకొని పొంగని తల్లి యెవరు? తల్లి నోటిమాటకు బిడ్డలు బలియగుట నాకెన్నడును న్యాయముగా తోచలేదు. బ్రిటన్ గర్వమును వినిపింపనే లేదు, శోకముతోనే ఆరంభించెను. స్వరములు మెల్లగా, నిట్టూర్పులవలె క్రిందికి దిగును. చివర భావమును విడిచి వాయింపుడని సూచన గలదు. ఏడ్పు హెచ్చుట కాదు, ఏడ్చు మనిషియే లేకపోవుట! అది వినుట కష్టము.

నార్సిసస్ ఖండికలో ఒక పలుకు, దానికి తలక్రిందులైన బదులు పలుకు, నీటిలోని ముఖమువలె వినబడును. వాద్యమొక్కటే యైనను ఇద్దరు మాటలాడుచున్నట్లే తోచును. నదీదేవుని వలపునుండి పారిపోయి యూటగా మారిన అరెథూసాతో కృతి ముగియును.

దీని రికార్డులు సులభముగా దొరకును. వినదలచిన సోదరీమణులు మూడవదానితో మొదలిడి పిమ్మట ఐదవదానికి పోవుట మంచిది. నాలుగవదియగు బాకస్ విందు కోలాహలము పిల్లలకు నచ్చును.