పెంకు ముక్క కూడా పాఠమే



మొన్న ఆటల పీరియడ్‌లో నాలుగో తరగతి తమ్ముళ్లు తొక్కుడు బిళ్ళ ఆడుతున్నారు. ఒకడు కుండ పెంకును బండకు గీకి గుండ్రంగా చేస్తున్నడు. "ఇసొంటి బిళ్ళలు వేల ఏండ్ల కిందటి ఊళ్లను తవ్వినప్పుడు కూడా దొరికినయిరా" అన్నాను. "అంటే అప్పటి పోరగాళ్లు కూడా ఆడిన్రా అన్నా?" అని అడిగాడు. శాతవాహనుల పాఠం కంఠస్థం చేసిన మేము ఒక్కనాడు కూడా ఇట్లాంటి ప్రశ్న అడగలేదు.

నా అభిప్రాయం ఏమంటే, చిన్న పిల్లలకు చరిత్రను ముందు చేతికియ్యాలి, తర్వాత నోటికి.

మన సంగారెడ్డి జిల్లాలోనే కొండాపూర్ ఉంది. అక్కడ 1940-42లో గులాం యజ్దానీ గారి ఆధ్వర్యంలో తవ్వితే శాతవాహనుల నాణేలు, పూసలు, మట్టి బొమ్మలు బయటపడ్డాయి. మ్యూజియం కూడా ఉంది. కాని అక్కడి వస్తువులను ముట్టుకోరాదు. అది న్యాయమే. అందుకే, అక్కడికి పోయే ముందు మన హాస్టల్‌లోనే ఒక పని చేయవచ్చు.

వంటగది వెనక సార్లే ఒక చిన్న గుంత తీయించాలి. అడుగున ఎర్రమట్టిలో కుండ పెంకులు, దాని మీద బూడిదలో పూసలు, పైమట్టిలో చెల్లని పైసలు వేసి పూడ్చాలి. పైన సుతిలి తాడుతో గడులు కట్టాలి. పిల్లలు చెంచాతో, బ్రష్షుతో మెల్లగా మట్టి తీయాలి. ఏ వస్తువు ఏ గడిలో, ఎంత లోతులో, దేని పక్కన దొరికిందో రాసుకోవాలి. కింది పొర ముందుదని, పై పొర తర్వాతదని వాళ్లకే తెలుస్తది.

"ఇట్ల నేర్పితే ఎక్కడపడితే అక్కడ తవ్వుతరు" అని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. వస్తువును ఊరికే పీకితే దాని కథ పోతుందని నేర్చుకున్నోడికే తెలుస్తది. గుప్తనిధుల ఆశతో పాత గుళ్లను పాడుచేసేది చిన్నపిల్లలు కాదు, పెద్దలే. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం ఉంది. ఇది కూడా పిల్లలకు చెప్పాలి.

ఇంకొక మాట. మన పాఠ్యపుస్తకంలో మన తండా పేరు లేదు. కాని నాయనమ్మ మెడలోని పాత రూపాయి బిళ్ళ మీద సంవత్సరం ఉంటది. పెంకును చదవనేర్చినోడు రేపు దాన్ని కూడా చదువుతడు, దాని కథ నాయనమ్మను అడుగుతడు.

వార్డెన్ సారుకు మనవి: ఒక ఆదివారం, నాలుగు చెంచాలు, ఒక తాడు ఇప్పించండి. గుంత తీసే పని, మళ్లీ పూడ్చే పని మేము చూసుకుంటాం.

- తొమ్మిదో తరగతి విద్యార్థి