గోడ పగలగొట్టే ముందు అడగాల్సిన ప్రశ్న

పసుపు అమ్ముడయ్యాక ఆర్మూర్‌లో రెండు రకాల పనులు ఊపందుకుంటాయి. ఒకటి పెళ్లిళ్లు, రెండోది ఇళ్లు. పెర్కిట్ నుంచి మామిడిపల్లి దాకా ఏ గల్లీలో చూసినా కొత్త స్లాబో, పాత ఇంటి మీద కొత్త అంతస్తో కనిపిస్తుంది. పసుపు, ఎర్రజొన్న డబ్బుకు గల్ఫ్ డబ్బు తోడవుతుంది. ఒకప్పుడు ఇంటి ముందు ఒక నల్లా, పెరట్లో ఒక బాత్‌రూమ్ ఉంటే గొప్ప. ఇప్పుడు బెడ్‌రూమ్‌కొక బాత్‌రూమ్, గోడలో దాచిన పైపులు, గీజర్, వాషింగ్ మెషీన్, వంటింట్లో ఫిల్టర్. అన్నీ వచ్చాయి. వాటిలో ఏదైనా కారితే ఎందుకు కారుతోందో చెప్పగలిగే మనిషి మాత్రం దొరకడం లేదు.

ఉద్యోగాల పేజీలో ఈ నల్లాల గోల ఏమిటని మీకు అనిపించొచ్చు. పైథాన్ గురించో, గ్రూప్స్ నోటిఫికేషన్ గురించో చదువుదామని పేజీ తిప్పి ఉంటారు. నేనూ బీటెక్ చదివి టెక్నాలజీ మీద బ్లాగు రాసుకునేవాణ్నే. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన చిన్న పట్టణాల్లో పైపులు అతికించే చేతులకు అంత కొరత లేదు. కొరత ఉన్నది రోగం ఏమిటో కనిపెట్టడంలో. నాలుగేళ్లు ఇంజినీరింగ్‌లో మనకు నేర్పామని చెప్పేది అదే, బయటికొచ్చాక ఎవరూ మన చేత చేయించనిదీ అదే.

తెలిసినవాళ్ల ఇంట్లో జరిగింది చెప్తాను. హాల్ గోడకు చెమ్మ పట్టింది. రంగు పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. గోడ అవతల బాత్‌రూమ్ ఉంది కాబట్టి అందరి అనుమానం దాని మీదే. వచ్చిన ప్లంబర్ గోడ మీద రెండుసార్లు తట్టి చూసి, "అన్నా, టైల్స్ పగలగొట్టాల్సిందే" అన్నాడు. పగలగొట్టారు. రెండు రోజుల పని, కొత్త టైల్స్, పాతవాటికి రంగు కలవలేదని ఇంట్లో గొడవ. లోపలి పైపు మాత్రం నిక్షేపంగా ఉంది. అసలు దోషం డాబా మీది వాన నీళ్లు దిగే పైపుది. స్లాబు దగ్గర దాని బెండు పగిలింది. ఆ గోడ వాన పడ్డాకే తడిసేది. ఎప్పుడు తడుస్తోందని ఆ ఇంటి ఆడవాళ్లను అడిగి ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది. ఎవరూ అడగలేదు.

ఎప్పుడు? ఈ పనిలో సగం తెలివి ఈ ప్రశ్నలోనే ఉంది. వాన పడ్డప్పుడే తడిస్తే డాబా మీదో, వాన నీటి పైపులోనో చూడాలి. ఎవరైనా స్నానం చేశాక, బట్టలు ఉతికాక తడిస్తే అది వాడేసిన నీళ్లు పోయే లైను. నానీ ట్రాప్ చుట్టూ ఉన్న సందు కావచ్చు, టైల్స్ మధ్య సిమెంటు ఊడి ఉండొచ్చు. అన్నింటికీ సంబంధం లేకుండా రాత్రీపగలూ ఒకేలా తడిగా ఉంటే నీళ్లు తెచ్చే లైను కారుతున్నట్టు, ఎందుకంటే దానిలో ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది. నిర్ధారించుకోవడం కష్టమేమీ కాదు. రాత్రి మోటారు ఆపి, ఇంట్లో నల్లాలన్నీ కట్టేసి, ట్యాంకులో నీటి మట్టం దగ్గర సుద్దతో గీత గీయండి. తెల్లారేసరికి మట్టం దిగితే ఎక్కడో కారుతోంది. మరుసటి రాత్రి ట్యాంకు కింద వాల్వ్ కట్టేసి అదే పరీక్ష మళ్లీ చేయండి. అప్పుడూ దిగితే దోషం ట్యాంకుది, దిగకపోతే లైనుది. సుత్తి ఇంకా సంచిలోనే ఉంది చూడండి.

ఫ్లష్ ట్యాంకు లోలోపల కారడం ఇంకో మాయరోగం. చప్పుడు ఉండదు, తడి కనిపించదు, మోటారు మాత్రం రోజుకు ఒకసారి ఎక్కువ వేయాల్సి వస్తుంది. పరీక్షకు రంగు బిళ్లలు కొనక్కర్లేదు. పసుపు ఊళ్లో ఉన్నాం కదా, చెంబు నీళ్లలో చెంచాడు పసుపు కలిపి ఫ్లష్ ట్యాంకులో పోయండి. అరగంట ఎవరూ ఫ్లష్ నొక్కొద్దు. కమోడ్‌లోకి పచ్చదనం దిగితే లోపలి రబ్బరు మూత అరిగిపోయినట్టే. ఇక బొట్టు బొట్టుగా కారే నల్లాను మనం లెక్కే చేయం. సెకనుకు ఒక బొట్టు చొప్పున, నాలుగు బొట్లు కలిస్తే ఒక మిల్లీలీటరు అనుకుని లెక్క వేయండి. రోజుకు 20 లీటర్లు దాటుతుంది. అంటే వాటర్ ప్లాంట్ నుంచి తెచ్చుకునే క్యాను ఒకటి, రోజూ మోరీలోకి.

గల్ఫ్ కుటుంబాల ఇళ్లలో ప్రత్యేకంగా వచ్చే ఫిర్యాదు ఒకటుంది. ఆరు నెలలు తాళం వేసి, తిరిగొచ్చి తలుపు తీస్తే బాత్‌రూమ్‌లోంచి గుప్పున వాసన. సెప్టిక్ ట్యాంకు నిండిందని బండిని పిలిపిస్తారు, డబ్బులు పోతాయి, వాసన పోదు. నేల మీది జాలీ కింద ఉండే ట్రాప్‌లో సుమారు రెండంగుళాల నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉండాలి. ఆ నీళ్లే అడ్డుగోడ, కింది గాలిని పైకి రానివ్వవు. ఇల్లు మూసి ఉంటే అవి ఎండిపోతాయి. చెంబెడు నీళ్లు పోస్తే చాలు. మళ్లీ ఊరెళ్లేటప్పుడు ఆ నీళ్ల మీద రెండు చెంచాల నూనె వేస్తే తొందరగా ఆవిరి కావు. ఇంట్లో మనుషులుండగానే వాసన వస్తూ, ఫ్లష్ చేసినప్పుడల్లా పక్కనున్న ట్రాప్ గుడగుడమంటే మాత్రం కథ వేరు. పైన గాలి గొట్టం పెట్టలేదు, ఫ్లష్ నీళ్లు దిగుతూ ట్రాప్‌లోని నీళ్లను లాక్కెళ్తున్నాయి.

మన చదువు నేరుగా పనికొచ్చేది ఒత్తిడి దగ్గర. పై అంతస్తులో షవర్ సన్నగా వస్తుంది. ఓనరు పెద్ద పైపు వేయమంటాడు, ప్లంబర్ వేస్తాడు, షవర్ అలాగే ఉంటుంది. పది అడుగుల ఎత్తు నీళ్లు ఇచ్చే ఒత్తిడి సుమారు 4.3 పీఎస్‌ఐ మాత్రమే. ట్యాంకు షవర్ కన్నా ఐదడుగులే పైన ఉంటే అందులో సగం. పైపు ఎంత లావైనా ఎత్తు ఇచ్చిన దానికన్నా ఒక్క పిసరు ఒత్తిడి పెరగదు. లావు పైపుతో తగ్గేది దారిలో రాపిడి వల్ల పోయే నష్టం ఒక్కటే. టీవీలో చూసి కొన్న రెయిన్ షవర్ డబ్బా మీద అర బార్ కావాలని రాసి ఉంటే, దానికి దాదాపు 17 అడుగుల ఎత్తు కావాలి. ట్యాంకు ఎత్తాలి, లేదా చిన్న ప్రెషర్ పంపు పెట్టాలి, లేదా ఆ షవర్ వాపసు ఇవ్వాలి. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో పది మార్కుల ప్రశ్నగా బట్టీ పట్టిన సంగతి ఇదే. పరీక్ష హాల్లో రాశాం, మన ఇంటి డాబా ఎక్కి ఎప్పుడైనా చూశామా?

గీజర్ విషయం ఒక్కటి గట్టిగా చెప్పాలి. నీళ్లు కాగేటప్పుడు దాని సేఫ్టీ వాల్వ్ నుంచి కాస్త నీరు కారుతుంది. అది రోగం కాదు. వేడికి వ్యాకోచించే నీటికి దారి. కారుతోందని దానికి బిరడా బిగించేవాళ్లున్నారు. అలా చేస్తే, థర్మోస్టాట్ చెడిన రోజు ఆ గీజర్ బాంబే. అలాగే వేడినీటి లైనుకు మామూలు పీవీసీ వేయకూడదు, సీపీవీసీ వేయాలి. రెండింటికీ వాడే అతుకు ద్రావణం కూడా వేరు. ధర తేడా చూసి ఒకదానికి ఇంకొకటి పూస్తే జాయింటు ఏడాదికో రెండేళ్లకో ఊడుతుంది. గోడలోపల.

ఇదంతా తెలిసినవాళ్లు మన దగ్గర లేరా అంటే, ఉన్నారు. చాలామంది దుబాయ్‌లోనో, ఖతర్‌లోనో ఉన్నారు. ఆర్మూర్, జగిత్యాల వైపు నుంచి తరతరాలుగా జనం పోతూనే ఉన్నారు. బాధ ఏమిటంటే, చేతిలో పని లేకుండా హెల్పర్‌గా పోయినవాళ్లే ఎక్కువ. ఒడిశాలోని కేంద్రపడా జిల్లాను చూడండి. వరి పండే, వరదలొచ్చే డెల్టా. అక్కడివాళ్లు ఒకప్పుడు కలకత్తా పోయి ప్లంబింగ్ నేర్చుకున్నారు, అన్న తమ్ముడికి, మామ అల్లుడికి నేర్పుకుంటూ పోయారు. ఈ రోజు దేశంలో ఏ పెద్ద నగరంలోనైనా, గల్ఫ్‌లోనైనా ఒడియా ప్లంబర్ అంటే ఒక పేరుంది. ఆ జిల్లాలోని పట్టాముండైలో ప్లంబింగ్ కోసమే ప్రభుత్వ ఇన్‌స్టిట్యూట్ ఉంది. వాళ్లూ వలసపోయారు, మనవాళ్లూ వలసపోయారు. వాళ్లు పనితో పోయారు.

మన ప్రభుత్వాలకూ ఈ పని సరిగా కనబడలేదని నా ఫిర్యాదు. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. తాపీ మేస్త్రీ ఉన్నాడు, వడ్రంగి ఉన్నాడు, తాళాలు చేసేవాడున్నాడు. ప్లంబర్ లేడు. రాష్ట్రంలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చాలని పూనుకున్నారు, రోబోలు, త్రీడీ ప్రింటర్లు తెస్తున్నారు. మంచిదే, వద్దనను. కానీ ఆ సెంటర్ బాత్‌రూమ్‌లో ఫ్లష్ పనిచేస్తోందా అని ఒకసారి చూడాలనిపిస్తుంది.

ఇంట్లోవాళ్లు ఏమంటారో నాకు తెలుసు. "బీటెక్ చదివించింది మోరీలు తీయడానికా?" అంటారు. "ప్లంబర్‌కు పిల్లనెవరిస్తరు?" అంటారు. ఇందులో డబ్బు సమస్య కన్నా కులం సమస్య ఎక్కువ. మురికినీటిని తాకే పనిని మనం కొందరి నెత్తిన పెట్టి, ఆ పనినే తక్కువ చేశాం. హైదరాబాద్ హాస్టల్లో నెలల తరబడి ఖాళీగా ఉన్నా పరువు పోదు, పానా పట్టుకుంటే పోతుంది. ఈ లెక్క ఎవరు కట్టారో గానీ తప్పుడు లెక్క. అలాగని ఏసీ గదిలో కూర్చుని అందరూ ప్లంబర్లు కండి అని ప్రవచనం చెప్పను. ఇది నడుము విరిగే పని. నెలకు జీతం పడదు. పని ఉన్న వారం ఉంటుంది, లేని వారం ఉంటుంది. వాయిదాలు పెట్టే ఓనర్లుంటారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తుందనే నమ్మకం గట్టిగా ఉన్నవాళ్లు దాన్నే పట్టుకోండి. మూడో ఏడు కూడా కోచింగ్ సెంటర్ ఫీజు కడుతున్నవాళ్లకు మాత్రం ఇది ఆలోచించదగ్గ దారి. అమ్మాయిలకు కూడా. పగటిపూట ఇంట్లో ఆడవాళ్లే ఉండే ఇళ్లు ఎన్నో, ప్లంబర్‌గా ఒక అమ్మాయి వస్తే తలుపు ఇంకా తొందరగా తెరుచుకుంటుంది.

నేర్చుకోవడానికి ఐటీఐలో ప్లంబర్ ట్రేడ్ ఏడాది కోర్సు. వాటర్ మేనేజ్‌మెంట్ అండ్ ప్లంబింగ్ స్కిల్ కౌన్సిల్ (పాత పేరు ఇండియన్ ప్లంబింగ్ స్కిల్స్ కౌన్సిల్) సర్టిఫికెట్లు ఉన్నాయి. విదేశాలకు పోవాలనుకుంటే ఏజెంటు మాటలు వినే ముందు రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ దగ్గర అడగండి. నన్నడిగితే అన్నింటికన్నా ముందు ఊళ్లోనే ఒక మంచి మేస్త్రీ వెంట ఆరు నెలలు తిరగాలి. దారం చుట్టడం, పైపు కోయడం, పది అడుగుల మురుగు పైపుకు మూడంగుళాల వాలు రసమట్టం పెట్టి చూసుకోవడం పుస్తకంలో రావు. మేస్త్రీకి తెలిసినవి మీకు తెలియవు, మీకు తెలిసిన లెక్కలు ఆయనకు తెలియకపోవచ్చు. "సార్" అని పిలిపించుకోవాలనే కోరిక ఇంటి దగ్గరే వదిలి వెళ్తే ఆయనే అన్నీ నేర్పుతాడు.

ఒక్క పనికి మాత్రం ఎంత డబ్బిచ్చినా ఒప్పుకోవద్దు. సెప్టిక్ ట్యాంకులోకి దిగొద్దు, ఎవరినీ దింపొద్దు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. విషవాయువుకు లోపలికి పోయినవాడూ, వాణ్ని కాపాడబోయినవాడూ ఇద్దరూ చనిపోయిన వార్తలు ఇదే పేపర్లో ఎన్నిసార్లు చదివాం.

ఇక ఫీజు సంగతి. మన ప్లంబర్లు పని చేస్తేనే డబ్బు తీసుకుంటారు, చూసినందుకు తీసుకోరు. అందుకే చూడటానికి టైమ్ పెట్టరు, సుత్తి తొందరగా బయటికొస్తుంది. డాక్టర్ దగ్గర ఓపీ ఫీజు కట్టినట్టు, చూసినందుకు ఒక చిన్న మొత్తం ముందే చెప్పి తీసుకోండి. పని మీకే ఇస్తే అందులోంచి తగ్గించండి. దానికి బదులుగా ఒక చీటీ రాసివ్వండి. దోషం ఎక్కడుంది, ఎలా తెలిసింది, ఏ పైపు, ఏ సైజు, ఎంత సామాను, ఎంత కూలీ, ఏది పగలగొట్టాలి, ఏది అక్కర్లేదు. పని వేరేవాళ్లకు ఇస్తామన్నా ఆ చీటీ వాళ్ల దగ్గరే ఉంచి రండి. కింద మీ ఫోన్ నంబర్ రాయండి.